పడమటింటి పెట్టె

రిజాస ఇల్లరికం వచ్చినవాడు. ఈ దీవిలో తబానన్ జిల్లా వైపు ఊళ్ళల్లో అదేమంత వింత కాదు. మగపిల్లలు లేని ఇంట్లో పెద్దకూతురు గడప దాటి వెళ్ళదు, మొగుడే పెట్టే బేడా సర్దుకుని వచ్చేస్తాడు. పెళ్ళిలో పెళ్ళికూతురికి చెయ్యాల్సిన తంతులన్నీ అతనికే చేస్తారు. అంతకుముందే అతను తన పుట్టింటి గుడిలో పెద్దల ముందు కూర్చుని, ఇక నేను మీ ఇంటివాణ్ణి కాను, సెలవిప్పించండి అని చెప్పి లేచి వస్తాడు. రిజాస ఆ మాట చెప్పినప్పుడు వాళ్ళమ్మ గుడి గోడ అవతల నిలబడి ఏడ్చింది. అతనికి మాత్రం ఆ రోజు ఏడుపు రాలేదు. తర్వాతెప్పుడో, అత్తవారి కొట్లో గొడుగుల దుమ్ము దులుపుతుండగా వచ్చింది.

వింత కాకపోయినా ఎగతాళికి కొదవుండదు. ఆ బాధ్యత సుతేజ తీసుకున్నాడు. సుతేజ రిజాస భార్య శ్రియాసికి చిన్నాన్న కొడుకు. ముంగిలి చుట్టూ విడివిడి ఇళ్ళున్న అదే ప్రాంగణంలో దక్షిణపు ఇంట్లో ఉంటాడు. హోటల్లో బట్టలు ఇస్త్రీ చేసే పని, మిగతా టైమంతా బావగారిని ఆటపట్టించే పనే.

"ఏం కోడలా, నిద్ర లేచావా? కాఫీ పెట్టావా?" అని పొద్దున్నే ముంగిట్లోంచి అరిచేవాడు.

రిజాస నవ్వేవాడు. నవ్వకపోతే రెండోసారి అంటాడు మరి.

మామగారు లెంద్ర మాత్రం ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. గొంతు పెంచడు, తిట్టడు, తాగి రాడు. కాకపోతే ఏదైనా అనుకున్నాడంటే ఇక ఆ సంగతి అయిపోయినట్టే. "తుత్, రేపు నువ్వు కొట్లో కూర్చో" అంటే కూర్చోవాలి. తుత్ అంటే కెతుత్, నాలుగో సంతానానికి పెట్టే పేరు. రిజాస తన పుట్టింట్లో ముగ్గురన్నల తర్వాత నాలుగోవాడు. ఇల్లరికం పంపడానికి వాళ్ళకి పెద్ద కష్టమేమీ అనిపించలేదు.

కొట్టు సందుకి అవతల ఉంది. గుడి గొడుగులు, విగ్రహాలకు చుట్టే గళ్ళ గుడ్డలు, అగరొత్తులు, జరీ అంచులు. రిజాస పెళ్ళయిన కొత్తలో పూర్తిగా అక్కడే ఉన్నాడు. మామగారు కుర్చీలో, అతను పక్కన పొట్టి స్టూలు మీద. వచ్చినవాళ్ళు మామగారితో మాట్లాడతారు, అతను పైనుంచి గొడుగు దించి ఇస్తాడు. అంతే. దెన్‌పసార్‌లో పాలిటెక్నిక్ చదివి ఇళ్ళ నమూనాలు గీయడం నేర్చుకున్నవాడు, గొడుగు విప్పి చూపించి మళ్ళీ ముడిచి పైన పెట్టేవాడు.

ఆ స్టూలు మీంచి లేవడానికి అతనికి దొరికిన ఒకే ఒక దారి కంప్యూటర్. సింగపూర్‌లో ఒక చిన్న కంపెనీకి మేడలూ విల్లాలూ లోపలా బయటా ఎలా ఉంటాయో గీసి పంపే పని. మొదట సాయంత్రాలు గీశాడు, తర్వాత మధ్యాహ్నాలు కూడా. ఇప్పుడు వాళ్ళు పర్మనెంటుగా తీసుకుంటామంటున్నారు. కాకపోతే ఒక పరీక్ష. సోమవారం పొద్దుటిపూటంతా లైన్లో ఉండి, అవతల కస్టమర్ చూస్తుండగానే, ఆయన చెప్పిన మార్పులు అక్కడికక్కడ గీసి చూపించాలి. మధ్యలో లైను తెగిందా, అంతే సంగతులు. వాళ్ళకి అలాంటివాళ్ళు బోలెడుమంది.

"ఉద్యోగం వస్తే కొట్టు మానేస్తాను బాపా," అని మామగారితో ఎలాగో అనేశాడు. బాపా అంటే నాన్న, శ్రియాసి పిలిచినట్టే తనూ పిలుస్తాడు.

లెంద్ర అగరొత్తుల కట్టకి దారం చుడుతూ, "రానీ. అప్పుడు చూద్దాం," అన్నాడు.

కాదనలేదు! ఆ రాత్రి రిజాస శ్రియాసిని పట్టుకుని, కాదనలేదే, కాదనలేదే అని పదిసార్లు అన్నాడు. ఆమె మాత్రం, మొగుణ్ణయినా అన్ననయినా పిలిచే పిలుపుతో, "అవుననీ అనలేదుగా బ్లీ," అని అటు తిరిగి పడుకుంది.

అసలు చిక్కు నెట్‌తోనే వచ్చింది. బయటి నుంచి వచ్చే లైను ఉత్తరపు ఇంట్లో, లెంద్ర గదిలో బీరువా మీదున్న పెట్టెకి వస్తుంది. రిజాస, శ్రియాసి ఉండేది పడమటింట్లో. మధ్యలో ముంగిలి, రెండు మందపాటి ఇటుక గోడలు. పడమటింటికొచ్చేసరికి సిగ్నల్ కొనప్రాణంతో ఉండేది. ఫోన్ నెట్ అయితే ఆ గదిలో అసలు ఆడదు. పోనీ ఉత్తరపు ఇంట్లో కూర్చుని గీద్దామా అంటే అది నలుగురొచ్చిపోయే చోటు. పైగా సోమవారం పొద్దున అక్కడ గుడి ఉత్సవం కమిటీ కూర్చుంటోంది.

అందుకని కొత్త రౌటర్ కొన్నాడు. ఉత్తరపు ఇంటి నుంచి తీగ లాగాడు. పైనుంచి లాగితే గంటలో అయిపోయే పని. కానీ ఆ ప్రాంగణంలో తల మీద తీగ వేలాడుతుంటే దాని కింద ఎవరూ నడవరు. దండెం కింద కూడా నడవరు, తలకి అపచారం. కాబట్టి ముంగిలి అంచు వెంబడి కాలువ తవ్వి, గొట్టం పెట్టి, అందులోంచి తీగ దూర్చి మట్టి కప్పాడు. సుతేజ మెట్ల మీద కూర్చుని చూస్తూ, "కోడలు కొత్త కాపురం పెడుతోంది, నీళ్ళ పైపు వేసుకుంటోంది," అని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పాడు.

తీగ చివర కొత్త పెట్టె వెనకున్న నీలం కన్నంలో పెట్టాడు. పెట్టెకి నీలం కన్నం ఒకటే, లోపలికి వచ్చే లైనుకి. దాని పక్కన నాలుగు పసుపు కన్నాలు, లోపలి నుంచి వేరే కంప్యూటర్లకి ఇచ్చుకోవడానికి. లైటు వెలిగింది. కంప్యూటర్లో బొమ్మ ఒక్క గుక్కలో తెరుచుకుంది. పడమటింటి నెట్‌కి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్. ఆ ప్రాంగణం మొత్తంలో ఎవరినీ అడగక్కర్లేకుండా అతను తెరుచుకోగలిగిన తలుపు అదొక్కటే.

శనివారం తుంపెక్ లాండెప్ వచ్చింది. ఇనుప వస్తువులన్నిటికీ పూజ చేసే రోజు. కత్తులు, కొడవళ్ళు, బైకులు, కుట్టుమిషను, కంప్యూటరు, ఫోన్ ఛార్జరు దాకా అన్నిటికీ కొబ్బరాకు దొన్నెలో పూలు, తీర్థం. ఇంట్లో ఆ పని దాదొంగ్‌ది. దాదొంగ్ అంటే లెంద్ర వాళ్ళమ్మ. ఎనభై దాటినా ఎవరినీ దొన్నె పట్టుకోనివ్వదు. రిజాస మామగారితో పాటు కొట్టుకి వెళ్ళి కత్తెరలకీ తూకం రాళ్ళకీ తీర్థం జల్లించి, నుదుటి మీద బియ్యపు గింజలతో తిరిగొచ్చాడు. పెట్టె మీద పూల దొన్నె ఉంది. అగరొత్తి సగం కాలి ఆరిపోయింది. పెట్టె తుడిచినట్టు మెరుస్తోంది. అతనికి ముచ్చటేసింది.

సాయంత్రానికల్లా గోల మొదలైంది.

"బ్లీ తుత్! నెట్ ఏమైంది?" దక్షిణపు ఇంట్లోంచి సుతేజ.

"నాకు వస్తోందే," అంది శ్రియాసి ఫోన్ చూసుకుని. కాసేపటికి, "అరె, పోయింది," అంది.

ఉత్తరపు ఇంట్లోంచి లెంద్ర బయటికొచ్చి, ఫోన్ చెయ్యి చాచినంత దూరం పట్టుకుని ముంగిట్లో నిలబడ్డాడు. "సిగ్నల్ నిండుగా చూపిస్తోంది. మెసేజ్ మాత్రం పోవట్లేదు. తుత్, ఇదేమిటో చూడు."

రిజాస చూశాడు. ఉత్తరపు ఇంటి పెద్ద పెట్టెని ఆర్పి వెలిగించాడు. లెంద్ర ఫోన్‌కి నెట్ వచ్చింది, సుతేజకి పోయింది. మళ్ళీ ఆర్పాడు. సుతేజకి వచ్చింది, శ్రియాసికీ తనకీ పోయింది. ఒకరికి వస్తే ఒకరికి పోతోంది, అదీ వరసా వాయీ లేకుండా! లైనే పాడైతే అందరికీ పోవాలి. ఫోన్ పాడైతే ఒకరికే పోవాలి. ఇదేం తెగులు?

తన కొత్త పెట్టె లోపలి పేజీ తెరిచి చూస్తే అక్కడ ఎర్ర అక్షరాల్లో, బయటి లైను తగిలి లేదు అని ఉంది. అంటే తీగే! గొట్టంలో నీళ్ళు దిగాయేమో, పందికొక్కు కొరికిందేమో. ఆదివారం తెల్లారగానే పార పట్టుకుని ముంగిట్లో దిగాడు. కప్పిన కాలువంతా మళ్ళీ తవ్వాడు. గొట్టం ఎండు కట్టెలా పొడిగా ఉంది. తీగకి గీత కూడా పడలేదు.

"పైపులో చేపలు పడ్డాయా కోడలా?" అన్నాడు సుతేజ పళ్ళు తోముకుంటూ.

"నువ్వు నోట్లో నురగ ఉమ్మేసి మాట్లాడరా బాబూ."

"నేను ఉమ్మేస్తా. నువ్వు నెట్ ఇప్పించు. నా పిల్ల కార్టూన్ లేందే ముద్ద మింగట్లేదు. ఇందాకట్నుంచి నేనే దాని ముందు కోతిలా గెంతుతున్నా."

"అది కొత్తేం కాదుగా," అంది శ్రియాసి గడప దగ్గరనుంచి. సుతేజ నురగతోనే నవ్వబోయి పొలమారి దగ్గాడు. రిజాసకి ఆ పొద్దున నవ్వొచ్చింది అప్పుడొక్కసారే.

పార పక్కన పారేసి ఇంకో పని చేశాడు. కొత్త పెట్టెకి కరెంటు పీకేశాడు. కాసేపట్లో అందరి ఫోన్లూ బాగుపడ్డాయి. సుతేజ కూతురు తినడం మొదలుపెట్టింది. లెంద్రకి నిన్నటి నుంచి ఆగిపోయిన మెసేజులన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి. పక్క ఊరి గుడివాళ్ళు పెద్ద గొడుగులు కావాలని నిన్న సాయంత్రం అడిగారు. జవాబు లేకపోయేసరికి పొద్దున్నే, సరే వేరేచోట తీసుకున్నాం అని పెట్టారు.

లెంద్ర ఆ మెసేజ్ రెండుసార్లు చదివాడు. ఫోన్ జేబులో పెట్టుకుని పడమటింటి అరుగు దగ్గరికి వచ్చాడు.

"అయితే దానివల్లే."

"దానివల్ల కాదు బాపా, ఏదో ఒక సెట్టింగు..."

"పీకితే బాగైంది. పెడితే పాడైంది. ఇక దేనివల్ల?"

మామగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం, అదే కదా బాధ.

"రేపు ఉత్సవం వాళ్ళు వస్తారు. వాళ్ళ ముందు నా ఫోన్ పని చెయ్యాలి. ఇవాళ చీకటిపడేలోగా బాగు చేస్తే సరే. లేకపోతే ఆ పెట్టె తీసేద్దాం. రేప్పొద్దున నువ్వు కొట్టు తెరువు, నేను ఇక్కడ వాళ్ళతో కూర్చుంటా."

"రేపు పొద్దున నాకు సింగపూర్ వాళ్ళ..."

"బాగు చేస్తే అది చూసుకో. నేనేమన్నా వద్దన్నానా?"

మాటలో ఎక్కడా కోపం లేదు. ఎదురుచెప్పడానికి పట్టుకోవాల్సిన కొస కూడా లేదు. లెంద్ర చెప్పులు సరిచేసుకుని వెళ్ళిపోయాడు.

రిజాస గదిలోకి వెళ్ళి పెట్టెకి మళ్ళీ కరెంటిచ్చి మంచం మీద కూర్చున్నాడు. అందులో ఉన్న సెట్టింగులన్నీ మొదట్నుంచీ చూశాడు. పాస్‌వర్డ్ మార్చాడు. మొత్తం చెరిపేసి కొత్తగా పెట్టాడు. ఏం చేసినా ఎర్ర అక్షరాలు అక్కడే ఉన్నాయి. కిటికీలోంచి సందు, సందు అవతల మూసి ఉన్న కొట్టు కనిపిస్తున్నాయి. తలుపు సందులోంచి లోపల కుర్చీ, స్టూలు కూడా కనిపిస్తున్నట్టే అనిపించింది. గదిలో ఉక్కపోత. చొక్కా విప్పాడు, మళ్ళీ తొడుక్కున్నాడు. ఎక్కడికి పోతాడు? పుట్టింటికి వెళ్ళి ఒక రోజు లైను వాడుకుంటానంటే అన్నలు కాదనరు. కానీ ఇల్లరికం వెళ్ళినవాడు సంచీ పట్టుకుని ఒంటరిగా పుట్టింటి గుమ్మంలో నిలబడితే, సాయంత్రానికల్లా రెండూళ్ళూ వేరే కథ చెప్పుకుంటాయి.

శ్రియాసి మధ్యాహ్నం అన్నం తెచ్చి పెట్టింది. కొబ్బరి, బీన్స్, కాస్త పంది మాంసం కలిపిన కూర. అతను కెలుకుతూ కూర్చున్నాడు.

"బాపా ఫోన్ ఛార్జింగ్‌కని ఇక్కడ పెట్టి పడుకున్నారు. మళ్ళీ పోయిందట," అంది.

రిజాస ఊరికే ఆ ఫోన్ తీశాడు. సెట్టింగుల్లోకి వెళ్ళి దానికి వచ్చిన నంబరు చూశాడు. రౌటర్ దగ్గరికి ఫోను రాగానే మొదట అడిగేది, నా నంబరెంత, బయటికి దారెటు అని. పెట్టె ఒక నంబరిచ్చి, దారి నేనే, నా మీదుగా వెళ్ళు అంటుంది. ఉత్తరపు ఇంటి పెట్టె ఇచ్చే నంబర్లలో రెండో చుక్క తర్వాత ఒకటి ఉంటుంది. రిజాస కొత్త పెట్టె ఇచ్చేవాటిలో సున్నా.

లెంద్ర ఫోన్‌లో సున్నా ఉంది.

అతను కూర గిన్నె పక్కన పెట్టేశాడు. మామగారి ఫోన్‌కి తన నెట్ పాస్‌వర్డే తెలీదు. అది పట్టుకుని ఉన్నది ఉత్తరపు ఇంటి నెట్‌ని. మరి నంబరు తన పెట్టె ఎలా ఇచ్చింది? అంటే తన పెట్టె తన గదిలో ఊరుకోకుండా తీగలోంచి వెనక్కి ఇల్లంతా అరుస్తోందన్నమాట, దారి నేనే, దారి నేనే అని! దానికేమో బయటికి దారే లేదు. దాని మాట ముందు విన్నవాళ్ళంతా వచ్చి దాని దగ్గర ఇరుక్కుపోతున్నారు. ఉత్తరపు ఇంటి పెట్టె మాట ముందు విన్నవాళ్ళు బతికిపోతున్నారు. అందుకే ఒకరికి వచ్చి ఒకరికి పోవడం!

కానీ నీలం కన్నంలో తీగ ఉంటే అలా వెనక్కి అరవడం కుదరదు. అసలు కుదరదే...

లేచి పెట్టెని చేతిలోకి తీసుకుని తిప్పాడు. వెనక తడి ఆరిన మచ్చ, అంటుకున్న రెండు గింజల బియ్యం, ఒక పూరేకు. నీలం కన్నం ఖాళీగా ఉంది. తీగ మొదటి పసుపు కన్నంలో చక్కగా, గట్టిగా కూర్చుని ఉంది.

నిన్నట్నుంచి భూమి తవ్వాడు, సెట్టింగులు తవ్వాడు గానీ, తన చేత్తో పెట్టిన తీగ వేరే కన్నంలో ఉంటుందన్న ఊహే రాలేదు. పీకి నీలంలో పెట్టాడు. ఎర్ర అక్షరాలు పచ్చబడ్డాయి. శ్రియాసి ఫోన్ మోగింది, మామగారి ఫోన్ మోగింది. రిజాస గది మధ్యలో నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు.

"అయిపోయింది! వచ్చేసింది!"

"ఏమైందట?"

"ఎవరో తీగ మార్చారు. నేను కాదు. నేనే కాదు శ్రీ! బాపాకి చెప్తా, ఇప్పుడే..." అని గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. అరుగు మీద దాదొంగ్ కొబ్బరాకులు చీల్చుకుంటూ కూర్చుని ఉంది. పెట్టె తుడిచిందెవరో, తీర్థం జల్లిందెవరో అప్పుడు తట్టింది.

వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. ఒక ఆకు తీసుకుని తనూ చీల్చడం మొదలుపెట్టాడు.

"దాదొంగ్, నిన్న నా పెట్టె భలే శుభ్రంగా తుడిచారు."

"తుడవకుండా పూజేంటి?" అందామె తలెత్తకుండా. "కరెంటు కొడుతుందేమోనని తాళ్ళన్నీ పీకేశా. తుడిచి మళ్ళీ పెట్టా. నువ్వు ఆ లావు తాడు తప్పుగా పెట్టావు తుత్. నేను సరిచేశాలే."

"తప్పా?"

"నీలంలో పెట్టావు. నీలం ఈశాన్యానిది, శంభువుది. మన గుడి ఉన్న మూల. మీరు పడుకునే పడమటింట్లో దానికేం పని? పడమర మహాదేవుడిది. పసుపు. పక్కన నాలుగున్నాయి కదా, కళ్ళు కనిపించట్లా?"

రిజాస ఆకు చీల్చాడు. ఆమె తప్పు చెప్పలేదు. దిక్కుల రంగులు అతనికీ చిన్నప్పట్నుంచి తెలుసు. తయారు చేసినవాడికి తెలీదంతే.

"ఇప్పుడు మళ్ళీ నీలంలో పెడితే పని చేస్తోంది దాదొంగ్," అన్నాడు మెల్లిగా.

ఆమె చేతిలో కత్తి ఆగింది. "నీలంలో పెట్టావా?"

"ఊరికే చూద్దామని..."

"రేప్పొద్దున పూలు పెట్టడానికొచ్చి నేను మార్చేస్తా. నువ్వు బయటనుంచి వచ్చినవాడివి, ఈ ఇంటి సంగతులు నీకు నెమ్మదిగా తెలుస్తాయి. నేనేం తప్పు పట్టట్లేదు."

చాలా ప్రేమగానే అంది. అతని వీపు కూడా తట్టింది.

గదిలోకి తిరిగొచ్చి శ్రియాసితో అంతా చెప్పాడు. "మీ నాన్నకి చెప్దామా? దాదొంగ్ పెట్టిన తీగవల్ల గొడుగుల బేరం పోయిందని?"

"నువ్వు చెప్తావా? చెప్పు," అంది శ్రియాసి. "ఆవిడ రెండ్రోజులు అన్నం మానేస్తుంది. బాపా ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలతారు. తర్వాత ఆ పెట్టె ఇంట్లో ఉంటుందనుకుంటున్నావా?"

"మరి నేను ఏం చెయ్యను?"

"నన్నడిగితే నాకేం తెలుసు బ్లీ. పెట్టెనే అడుగు. పసుపులో ఉంటే పని చెయ్యవా అని."

ఆమె విసుగ్గానే అంది గానీ రిజాస ఆ మాట దగ్గర ఆగాడు. పసుపులో ఉంటే పని చెయ్యదా? చేస్తుంది! ఎందుకు చెయ్యదు? పెట్టె నోరు మూస్తే చాలు. నంబర్లివ్వడం మానెయ్యాలి. దారి నేనే అనడం మానెయ్యాలి. ఎవరైనా అడిగితే, పెద్ద పెట్టెని అడగండి అని ఉత్తరపు ఇంటికి పంపాలి. అప్పుడు అది వేరే నెట్ కాదు. ఇంటి నెట్‌నే పడమటింటి దాకా మోసే పొడుగు చెయ్యి.

మీట నొక్కడానికి మాత్రం చాలాసేపు పట్టింది. వేరే నంబర్లు, వేరే తాళం, వేరే తలుపు, ఇవన్నీ పోతాయి. కిటికీలోంచి కొట్టు కనిపిస్తోంది. వెలుతురు తగ్గుతోంది.

నొక్కేశాడు. నొక్కాక పెట్టె అతన్నే లోపలికి రానివ్వలేదు, ఎందుకంటే నంబరిచ్చేవాడు లేడు కదా! కంప్యూటర్‌కి నంబరు చేత్తో రాసి, దొంగలా మళ్ళీ దూరి, పెట్టెకి ఉత్తరపు ఇంటి వరసలో ఒక నంబరు ఇచ్చాడు. నెట్ పేరు కూడా ఇంటి పేరే పెట్టాడు. రెండు పేర్లుంటే బాపా ఫోన్ తికమకపడుతుంది. తీగ నీలంలోంచి తీసి పసుపులో పెట్టాడు. నలుగురి ఫోన్లూ తెచ్చుకుని ముంగిలంతా తిరిగాడు. ఎక్కడా తెగలేదు. ఇదివరకటికన్నా బాగుంది.

సుతేజ చేతులు కట్టుకుని అంతా విన్నాడు. "అంటే ఇప్పుడు ఆ పెట్టె సొంతంగా ఏం చెయ్యదా? అంతా పెద్ద పెట్టెనే అడుగుతుందా?"

"ఆఁ."

"ఓరి నీ! పెట్టెని కూడా ఇల్లరికం తెచ్చేశావు కదయ్యా!"

ముంగిట్లో అందరూ నవ్వారు. దాదొంగ్‌కి అర్థం కాకపోయినా నవ్వింది. రిజాస కూడా నవ్వాడు.

సోమవారం పొద్దున ఉత్తరపు ఇంట్లో కమిటీ, పడమటింట్లో సింగపూర్. కస్టమర్ కిటికీలు జరిపించాడు, మెట్లు తిప్పించాడు, ఈతకొలను చిన్నది చేయించి మళ్ళీ పెద్దది చేయించాడు. గీసిన ప్రతి గీతా అక్కడ అప్పుడే కనిపించింది. చివర్లో కంపెనీ ఆవిడ, వచ్చే వారం నుంచి పర్మనెంటు అని చెప్పింది. రిజాస తలుపు తీసుకుని ముంగిట్లోకి వచ్చేసరికి కమిటీ వాళ్ళు వెళ్ళిపోతున్నారు. లెంద్ర కాఫీ తాగుతున్నాడు. అతన్ని చూసి పక్కన చోటిచ్చాడు. అలా చోటివ్వడం అదే మొదలు.

"వచ్చిందా ఉద్యోగం?"

"వచ్చింది బాపా."

"మంచిది. నా ఫోన్ కూడా బాగా పనిచేసింది. వాళ్ళ ముందే గొడుగుల బొమ్మలు చూపించా. అవునుగానీ తుత్, నువ్వు చేసిందేమిటి అసలు? తీగ లాగి, అవతల పెట్టె పెడితే, ఇదే నెట్ అక్కడా వస్తుందా?"

రిజాసకి ప్రాణం లేచొచ్చింది. ఈ ఇంట్లో అతని పని గురించి ఎవరైనా అడగడం ఇదే మొదటిసారి. చేతులు తిప్పుతూ మొత్తం చెప్పాడు. పెట్టె నంబర్లివ్వకూడదని, తీగ మంచిదైతే వంద మీటర్ల దాకా చుక్క తగ్గదని, ఎన్ని గదులకి కావాలంటే అన్ని గదులకి లాక్కోవచ్చని, ఎక్కడ కూర్చున్నా ఒకేలా పని చేసుకోవచ్చని. లెంద్ర మధ్యలో అడ్డురాకుండా, తల ఊపుతూ విన్నాడు. ఇంత శ్రద్ధగా వింటాడని రిజాస అనుకోనే లేదు.

"వంద మీటర్లు," అన్నాడు లెంద్ర. "మరి కొట్టు అంత దూరం లేదుగా."

"లేదు బాపా, అందులో సగం కూడా..." అని, రిజాస మిగతా మాట మింగేశాడు.

"అయితే కొట్లో ఇంకో పెట్టె పెట్టు. వెనక గొడుగులు జరిపిస్తా, నీ బల్ల పడుతుంది. నీ బొమ్మలు నువ్వు గీసుకో, నిన్నెవరూ కదిలించరు. ఎవరైనా వస్తే లేచి ఒక గొడుగు దించడం, అంతే. నాకూ మోకాళ్ళు సహకరించట్లేదు."

శ్రియాసి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. రిజాస ఆమె వైపు చూశాడు. ఆమె చేతిలో గరిటె కిందికి దిగింది.

"తీగ... తీగ సరిపోతుందో లేదో బాపా. చుట్ట అయిపోయినట్టే ఉంది."

"ఎక్కడయిపోయింది?" సుతేజ అప్పటికే పడమటింటి అరుగు కిందకి వంగాడు. తీగ చుట్ట రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ముంగిట్లోకి తెచ్చాడు. "ఇదిగో, ఇంకా బోలెడుందిగా. పార ఎక్కడ పెట్టావు?"